ఈల తీసేసిన రోజు

అక్టోబరు మూడో వారం. ఇష్పెమింగ్‌లో
మంచు ఇంకా రాలేదు గానీ వస్తున్నానని కబురంపింది.
షెడ్డు తలుపు సగం దించి పని చేసుకుంటున్నాను.
ఆర్విడ్ మాకెలా ఇంజనాపి, బండి నడిపించుకుంటూ వచ్చాడు,
నాలుగొందల కిలోల ఇనుమును
జ్వరమొచ్చిన పశువును తోలుకొచ్చినట్టు.

"స్పీకర్లు మార్చు కారీనా,
బేస్‌బాల్ కామెంటరీ వినపడి చావడం లేదు.
డెబ్బై మైళ్ళు దాటితే
గాలి ఒక్కటే ఆడుతోంది, గాలే గెలుస్తోంది."

ముప్పై ఒక్క ఏళ్ళు ఖనిజం రేవులో
రైలు పెట్టెల్లోంచి ఓడల్లోకి రాళ్ళు దొర్లించిన మనిషి.
ఎడమ చెవి అక్కడ వదిలేసి పెన్షన్ తెచ్చుకున్నాడు.
మాట్లాడాలంటే ఆయనకు కుడివైపు నిలబడాలి.
ఊరందరికీ తెలుసు,
ఆయన కుక్కకి కూడా.

ఫెయిరింగ్ విప్పాను. పదకొండు మరలు.
పన్నెండోది ఎప్పుడో ఏ దారిలోనో దిగిపోయింది.
పాత స్పీకరు అట్ట
నానిన అప్పడంలా చేతికొచ్చింది.
దాని వెనక కందిరీగ కట్టుకున్న మట్టి గది,
ఖాళీగా, మెత్తిన వేళ్ళ గుర్తుల్లాంటి వరసలతో.
ఇన్నాళ్ళూ ఆటంతా ఇది కూడా విన్నదన్నమాట.

కొత్తవి నాలుగు, వానకు చెడనివి.
సీటు కింద అరచేయంత ఆంప్లిఫయర్.
బ్యాటరీ నుంచి ఎర్ర తీగ, జానెడు దూరంలో ఫ్యూజు.
టంకం పొగ కళ్ళలోకి పోతే తుడుచుకుందామంటే
ఒంటిమీద మోచేయొక్కటే శుభ్రంగా ఉంది.

స్టార్ట్ చేశాం.
పాటకంటే ముందు ఈల వచ్చింది.
సన్నగా, నిద్రపట్టే వేళ చెవి దగ్గర చేరిన దోమలా.
థ్రాటిల్ తిప్పితే పైకి, వదిలితే కిందికి.
నాకు తెలుసు ఇది: ఆల్టర్నేటర్ ఏడుపు.
ఎర్త్ తీగ తప్పుచోట కట్టిన పాపం,
ఎవరిదో, ఇరవై ఏళ్ళ నాటిది.
ఫ్రేము మీద తుప్పు గీకాను, లోపలి తెలుపు పైకొచ్చేదాకా.
అక్కడ బిగించాను. ఈల పోయింది.
ఎంత శుభ్రంగా పోయిందంటే
కామెంటేటర్ గుటక వేయడం వినపడింది.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.
పైన, పేపర్లో చుట్టిన పొగబెట్టిన చేప.

మూడో రోజు మళ్ళీ వచ్చాడు.
"బాగుంది. చాలా బాగుంది."
హెల్మెట్ తీయలేదు.
మెచ్చుకున్నాక కూడా హెల్మెట్ తీయని మనిషి దగ్గర
ఇంకో మాట మిగిలి ఉంటుంది.

"ఆ ఈల... మళ్ళీ పెట్టగలవా?"

నవ్వాను. ఆయన నవ్వలేదు.
డయల్ చూపించాడు: ఆర్‌పీఎం సూది
సున్నా మీద పడుకుని ఎన్నేళ్ళయిందో.
"గేరు ఎప్పుడు మార్చాలో అదే చెప్పేది.
ఇంజన్ని గాలి మింగేస్తుంది.
ఆ సన్నది మాత్రం ఎలాగో ఈ చెవిలోకి దూరేది.
నిన్న కొండెక్కుతూ మూడో గేర్లోనే ఉండిపోయాను,
ఎవరూ చెప్పలేదు."

"కొత్త డయల్ వేస్తాను."
"సూదిని నేను చూస్తుంటే
జింకల్ని ఎవరు చూస్తారు?"

నా చదువంతా చప్పుడు తీసేయడం గురించే.
పెట్టడం ఏ బడిలోనూ చెప్పలేదు.
సాయంత్రం దాకా కూచున్నాను.
ఎర్త్ తీగను రెండుగా చీల్చి
ఒకటి తెల్లటి చోటికి, ఒకటి పాత పాపానికి,
మధ్యలో బొటనవేలికందే స్విచ్.
నొక్కాడు. ఈల.
మొహం మీద, తప్పిపోయిన తాళంచెవి
జేబులోనే దొరికినవాడి సిగ్గు.

నవంబరు మొదట్లో ఫోను చేశాడు,
మాకినా వంతెన దాటాక, అవతలి గట్టు నుంచి.
అక్కడ లోపలి వరసలో రోడ్డు ఇనుప జల్లెడ.
చూపు జారితే నీళ్ళ దాకా ఆగదు.
టైర్లు దాని మీద ఒకటే పెద్ద గొంతుతో పాడతాయి.
అన్నీ కట్టేసి దాటానన్నాడు,
ఆట, పాట, ఈల, అన్నీ.

"ఏం వినపడింది?" అడిగాను.

ఫోను ఎడమ చెవికి మార్చుకున్నట్టున్నాడు.
"ఏంటీ?" అన్నాడు.
వెనక లారీలు, గాలి.
"ఏంటీ?"